సాక్షి ఏడ్చింది

కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడం బాల్‌సింగ్ నౌకరీ. ఏ పేరైనా మూడుసార్లు పిలవాలి, మూడుసార్లూ ఒక్క తీరుగానే పిలవాలి. తెల్ల చొక్కా మీద అడ్డంగా ఎర్ర పట్టీ, దానికో ఇత్తడి బిళ్ల. పదకొండేళ్లుగా ఆ వేషంలో దొరల పేర్లూ దొంగల పేర్లూ ఒకే గొంతుతో పిలుస్తూ వచ్చాడు. ఆ సోమవారం మాత్రం "భూక్యా కేస్లి" అని మొదటిసారి పిలవగానే అతను నాలుక కరుచుకున్నాడు. పేరు మరీ సరిగ్గా వచ్చింది. తండాలో పుట్టినవాడికి తప్ప ఆ పేరు అట్లా పలకదు. చుట్టూ చూశాడు. రెండోసారీ మూడోసారీ కావాలనే "బుక్కా కేశిలీ" అని వంకరచేసి పిలిచాడు.

నిజానికి ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటారు? కోర్టులో అతను బాలయ్య. సర్వీసు బుక్కులోనూ బాలయ్యే. చిన్నప్పుడు మరిపెడ బడిలో చేర్చిన రోజు పంతులు "సింగులూ గింగులూ ఏందిరా" అని నవ్వి బాలయ్య అని రాసుకున్నాడు. తండా మాట నోట వచ్చిన ప్రతిసారీ తొడపాశం పెట్టి ఆ మాటను మాన్పించాడు. ఆ తర్వాత నౌకరీ వచ్చింది, కోర్టున్న ఊళ్లోనే కిరాయికి ఇల్లు దొరికింది. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని బాల్‌సింగ్ తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

కేస్లి మెల్లగా మెట్లెక్కి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మోచేతుల దాకా తెల్ల గాజులు, తలమీద అద్దాల ముసుగు. గుమ్మం దగ్గర బాల్‌సింగ్ ముఖంలోకి ఒక క్షణం చూసి లోపలికి పోయింది.

కేసు చిన్నదేం కాదు. కొత్తగూడ అడవి అంచున కేస్లి, ఆమె కొడుకు సక్రు చెట్లు కొట్టి సాగు చేసుకున్న మూడెకరాల చెలక భూమి తనదని ఒక దొర అంటున్నాడు. ఆ దొర గుమాస్తా రాజమల్లును సక్రు గొడ్డలితో నరకబోయాడని కేసు. సక్రు నాలుగు నెలలుగా సబ్‌జైల్లో ఉన్నాడు. రుజువైతే మూడేళ్లు. జనగామ నుంచి వచ్చే వకీలు దయాకర్ అతని తరపున ఒక్కటే వాదం పట్టుకున్నాడు: గొడవ జరిగిన మంగళవారం పొద్దు సక్రు అక్కడ లేనే లేడు, మరిపెడ అంగడిలో ఉన్నాడు. ఆ మాట తల్లి చెప్పాలి. తల్లికి తెలుగు రాదు. అందుకని కొత్తగూడలో కిరాణా కొట్టు నడిపే దామోదర్‌ను దుబాసీగా నిలబెట్టారు. ఇప్పపువ్వు, కుంకుడుకాయ కొనే బేరానికి సరిపోయేంత లంబాడీ మాట అతనికి వచ్చు.

"ఆ మంగళవారం నీ కొడుకు ఏడున్నడో చెప్పు" అని దయాకర్ అడిగాడు. దామోదర్ దాన్ని బేరం మాటలోకి తిప్పాడు.

కేస్లి బోనులో ఉన్న కొడుకును చూసింది. నాలుగు నెలల తర్వాత ఇదే చూడటం. ముసుగు ముఖం మీదికి లాక్కుంది. కుడి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, సన్నగా, సాగదీసి ఏడవడం మొదలుపెట్టింది. గొంతు లేస్తోంది, పడుతోంది, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తోంది. వెనక బల్లల మీద కూర్చున్న కక్షిదారులు కిసుక్కున నవ్వారు.

"ఏమంటోందయ్యా?" అన్నాడు మున్సిఫ్. ఆయనది కృష్ణ అవతలి ఊరు, వచ్చి ఏడాది కాలేదు.

దామోదర్ చెవి పెట్టి విన్నాడు. పాపం, నిజంగానే విన్నాడు. "ఏం అంటలేదు సార్. ఏడుస్తున్నది, గంతే."

మున్సిఫ్ కాసేపు ఓపిక పట్టి, పేష్కార్ వెంకట్రాం వైపు తిరిగి చెప్పాడు. వెంకట్రాం రాసుకున్నాడు: ప్రశ్నకు జవాబు లేదు. సాక్షి ఏడ్చింది.

గుమ్మంలో బాల్‌సింగ్ ఆ కలం వైపే చూశాడు. ఆమె జవాబు చెప్పింది. మొత్తం చెప్పింది. లంబాడీ ఆడది చాలారోజులకు తన మనిషిని చూస్తే ముందు మెడ పట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపుకు పేరుంది, వరసుంది. చూడని ఇన్నాళ్లలో ఎవరు చచ్చారో, ఏ గొడ్డు పోయిందో, ఏ అన్యాయం జరిగిందో అంతా అందులోనే చెబుతుంది. అది అయ్యాకే మామూలు మాట, మంచినీళ్లు. ఆ ఏడుపులో అబద్ధం ఆడకూడదు. ఆడితే ఆ గొంతుకు ఇంకెవరూ బదులు ఏడవరు. బేరం మాట వచ్చిన దామోదర్‌కు ఆ సాగదీతలో మాటలు దొరకలేదు. బాల్‌సింగ్‌కు ఒక్కటీ జారిపోలేదు.

ఓ నా తల్లీ, జొన్న పాలుపోసుకున్న నెల తల్లీ, మంగళవారం ఎండ చెట్లెక్కకముందు నలుగురు వచ్చారు. ముందు రాజమల్లు వచ్చాడు. నా గుడిసెకు నిప్పు పెట్టాడు. నా జుట్టు పట్టి చేనంతా ఈడ్చాడు. నా కొడుకు గొడ్డలి తిప్పి పట్టాడు తల్లీ, ఇనుము తన వైపు ఉంచుకుని కామతో కొట్టాడు. ఒక్క దెబ్బే కొట్టాడు. రెండోది కొట్టనియ్యకుండా నేను కాళ్ల మీద పడ్డాను.

ఇదీ ఆమె చెప్పింది. కాగితం మీద రెండు ముక్కలు మిగిలాయి.

"గురువారం ఇంకొక్క అవకాశం ఇస్తాను. అప్పుడూ ఇలాగే ఏడిస్తే సాక్ష్యం మూసేస్తాను" అని మున్సిఫ్ ఫైలు పక్కకు తోశాడు. బాల్‌సింగ్ తర్వాతి పేరు పిలిచాడు. గొంతు ఒక్క తీరుగానే వచ్చింది. అందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా గూకలేదు. భార్య నిర్మల వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూతురు విమల అరుగు మీద ఎక్కాలు అప్పజెప్పుకుంటోంది. ఏడేళ్ల పిల్లకు తండా మాట ఒక్కటి రాదు. రాకూడదనే ఇద్దరూ కలిసి పెంచారు. నిర్మల అసలు పేరు కూడా వేరే. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు.

అతను సంగతి చెప్పాడు. ఆమె చేట కింద పెట్టలేదు.

"ఊకో. మనకెందుకు?"

"ఆమె చెప్పింది నిర్మలా. నేను తప్ప ఎవ్వలూ వినలే."

"ఇన్నవు గదా. ఇని ఊకో. రేపు బాలయ్యకు లంబాడోళ్ల మాట ఎట్లొచ్చింది అంటరు. అప్పుడేమంటవు?"

"నౌకరీ తీసేస్తరంటవా?"

"నౌకరీ సంగతి నాకెరుక లేదు. పోయిన్నెల దొంగతనం అయితే తండా నుంచి పని వెతుక్కుంటా వచ్చిన ఇద్దరు పిలగాండ్లను ఈ వాడోళ్లే పట్టి కొట్టిన్రు. పక్కింట్ల నీళ్లు తోడుకుంట నేను చూసిన. అయ్యో అన్న మాట కూడ నోట్లకెళ్లి రానియ్యలే. నీకు మాటొక్కటే యాదికొస్తున్నది, నాకు గది యాదికొస్తున్నది."

నిర్మల చేటలోని బియ్యాన్ని చదును చేసి, కాస్త మెత్తగా అడిగింది. "ఏడుపుల కొట్టిన సంగతి గూడ చెప్పిందంటివి?"

"చెప్పింది."

"వకీలు ఆ పిలగాడు ఆడ లేనే లేడంటున్నడు. నువ్వు నోరు తెరిస్తే వాడు ఆడున్నడని తేల్తది, కొట్టిండని తేల్తది. నువ్వే జైలుకు తోలినట్టు. ఇగ మంచి ఎవలకు చేసినట్టు?"

ఇది బాల్‌సింగ్ ఆలోచించని సంగతేం కాదు. దారి పొడవునా ఆలోచిస్తూనే వచ్చాడు. పెళ్లాం నోట వినేసరికి మాత్రం గుమ్మంలోనే చతికిలబడ్డాడు. అరుగు మీద విమల పన్నెండో ఎక్కం దగ్గర తడబడి, మళ్లీ మొదటికి వచ్చింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా కేస్లి ఊరికి పోలేదు. కోర్టు ఆవరణలో సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు కింద మూట పెట్టుకుని కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం దయాకర్, దామోదర్ వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. బాల్‌సింగ్ కూజా నింపుకునే నెపంతో నల్లా దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నాలుగు ముక్కలు నేర్పు దామోదర్. కొడుకు మరిపెడ అంగట్ల ఉన్నడు, చాలు. అది రాకుంటే నేనడిగినప్పుడు తల ఊపితే చాలు" అన్నాడు దయాకర్. మంచి వకీలే, బీదవాళ్ల కేసులు ఊరికే చూస్తాడు. ముసలామె మీద మాత్రం విసుగు ముంచుకొస్తోంది అతనికి.

దామోదర్ చెప్పాడు. కేస్లి విని తల అడ్డంగా ఊపింది. మెల్లగా ఏదో అంది. ఈసారి ఏడుపు కాదు, మామూలు మాటే.

"ఏమంటది?"

"గట్ల కాదట. ఒకసారి ఏడ్సినంక మాట మార్చరాదట. ఏందో వీళ్ల లెక్క, నాక్కూడ సమజ్ కాదు."

"ఏడ్సుడేంది, మార్సుడేంది" అని దయాకర్ లేచిపోయాడు. కేస్లి నల్లా వైపు చూసింది. కూజా ఎప్పుడో నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. బాల్‌సింగ్ తల వంచుకుని కూజా ఎత్తుకున్నాడు.

పేష్కార్ గదిలో వెంకట్రాం దస్త్రాలకు తాడు కడుతున్నాడు. పొద్దున్నుంచీ కోపంగా ఉన్నాడు. మున్సిఫ్ అతను రాసిన నోటు మీద గీతలు కొట్టి, "ఇది తెలుగేనా వెంకట్రాం? మీ వాళ్లకు ఎప్పటికి వస్తుందయ్యా భాష" అన్నాడట.

"ఇరవై ఏండ్ల నౌకరీ నాది బాలయ్యా. అరవై తొమ్మిదిల హర్తాళ్ చేసి పదిహేను రోజులు లోపలున్న. ఎందుకు? గిదే బాధకు. మనం మాట్లాడితే నవ్వుడు. మన మాట మాటనే కాదన్నట్టు చూసుడు. నీకేం తెలుసు, నువ్వు గుమ్మంల ఉంటవు" అంటూ ముడిని పళ్లతో బిగించాడు.

బాల్‌సింగ్ కూజా మీద గ్లాసు బోర్లించాడు. "సార్, ఒక మాట. మొన్న ఆ ముసలామె చెప్పింది కాయితం మీద పడలేదు."

"ఏం చెప్పింది? ఏడ్సింది."

"ఏడుపులనే చెప్పింది కావచ్చు సార్."

వెంకట్రాం తలెత్తి నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, అలసిపోయిన మనిషి నవ్వు. "అది మాట ఎట్లయితది బాలయ్యా? లంబాడోళ్ల ఊళకు గూడ దస్త్రం కట్టమంటవా? పో, చాయ్ చెప్పిరా."

బాల్‌సింగ్ చాయ్ చెప్పడానికి పోయాడు. దారిలో సైకిల్ షెడ్డు అడ్డం వచ్చింది. చుట్టు తిరిగి గోడ పక్కనుంచి పోయాడు.

గురువారం పదకొండు గంటలకు ఆమె పేరు వచ్చింది. బాల్‌సింగ్ గుమ్మంలో నిలబడి "భూక్యా కేస్లి" అన్నాడు. మూడుసార్లూ సరిగ్గానే అన్నాడు. మూడోసారికి వెంకట్రాం తల తిప్పి చూశాడు.

దయాకర్ అదే ప్రశ్న అడిగాడు. దామోదర్ తిప్పి చెప్పాడు. కేస్లి ముసుగు లాక్కుంది. చెయ్యి చెవి దగ్గరికి పోయింది. గొంతు లేచింది. ఈసారి వెనక బల్లల్లో బాహాటంగానే నవ్వారు. ముందు బల్ల మీద కూర్చున్న రాజమల్లు కండువాతో ముఖం తుడుచుకుని తనూ నవ్వాడు. బోనులో సక్రు కటకటాలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇక చాలు" అని మున్సిఫ్ కలం అందుకున్నాడు. "సాక్ష్యం మూసివేయడమైనది అని రాయండి."

"ఆమె చెప్తున్నది సార్."

ఎవరన్నారో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. గుమ్మం నుంచి మాట రావడం ఆ కోర్టులో ఎన్నడూ లేదు. మున్సిఫ్ కళ్లజోడు తీశాడు.

"ఏమిటి?"

"ఆమె జవాబు చెప్తున్నది సార్. మొన్న గూడ చెప్పింది. ఏడుపు కాదు అది. మావోళ్లు గట్లనే చెప్తరు."

మావోళ్లు. ఆ మాట అన్నాక బాల్‌సింగ్ గుమ్మం చెక్క పట్టుకున్నాడు. వెంకట్రాం కలం పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. ఆ మాట అనేస్తే తన భయం పోతుందని బాల్‌సింగ్ అనుకున్నాడు, పోలేదు. ఇంకా పెరిగింది.

అందరికన్నా ముందు తేరుకున్నది దయాకర్. అతని ముఖం వెలిగిపోయింది. "యువరానర్, దుబాసీగా ఇతన్నే నిలబెట్టాలని మనవి." మున్సిఫ్ సరేనన్నాడు. ప్రమాణం చేయించారు. పదకొండేళ్లు గుమ్మంలో నిలబడ్డ మనిషి సాక్షి బోను పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎర్ర పట్టీ తీయాలో ఉంచాలో తెలియలేదు. ఉంచుకున్నాడు.

"అవ్వా, మళ్లొకసారి మొదటికెళ్లి చెప్పు. మెల్లగ చెప్పు" అన్నాడు ఆమెతో, తండా మాటలో. ఆ మాట బయటి మనుషుల ముందు మాట్లాడి ఎన్నేళ్లయిందో. నాలుక బిగుసుకుపోయి ఉంది. కేస్లి ఆశ్చర్యపోలేదు. ముసుగు సర్దుకుని మొదలుపెట్టింది. ఒక్కొక్క ఊపిరికీ ఆగింది. ఆగినప్పుడల్లా అతను తెలుగులో చెప్పాడు, వెంకట్రాం రాశాడు. నెల చెప్పింది, వారం చెప్పింది, ఎంతమంది వచ్చారో చెప్పింది. నిప్పు ఎవరు పెట్టారో చెప్పింది. వెనక నవ్వు ఆగిపోయింది. రాజమల్లు కండువా దులిపి భుజాన వేసుకుని కదలకుండా కూర్చున్నాడు.

తర్వాతి ఊపిరిలో గొడ్డలి వచ్చింది.

బాల్‌సింగ్ నోరు తెరిచి ఊరుకున్నాడు. దయాకర్ ఆశగా అతని వైపే చూస్తున్నాడు. ఇక్కడ ఒక్క ముక్క మింగేస్తే అయిపోతుంది. మింగాడని ఎవరికి తెలుస్తుంది? ఈ గదిలో ఇద్దరికే తెలుస్తుంది, వాళ్లిద్దరూ తల్లీకొడుకులు. మింగితే వకీలు వాదం నిలబడుతుంది, పిలగాడు బయట పడొచ్చు. మూడేళ్లు. తన నోట్లోంచి ఇప్పుడు రాబోయే మాటకు మూడేళ్లు. అతను కేస్లి వైపు చూశాడు. ఆమె ఏడుపు ఆపి, ముసుగు కొంచెం పక్కకు తీసి, అతని పెదవుల్నే చూస్తోంది. ఆమెకు తెలుగు రాదు. అయినా ఎన్ని ఊపిర్లు చెప్పిందో ఆమెకు తెలుసు.

"ఏమందయ్యా?" అన్నాడు మున్సిఫ్.

"నా కొడుకు గొడ్డలి తిప్పి పట్టి కామతోని కొట్టిండు అన్నది సార్. ఒక్కటే దెబ్బ కొట్టిండు, రెండోది కొట్టనియ్యకుండ నేనే ఆపిన అన్నది."

దయాకర్ లేచాడు. "అబ్జెక్షన్. ఈ మనిషికి ఆ భాష పూర్తిగా..." అని మధ్యలో ఆగిపోయాడు. అతన్ని నిలబెట్టమన్నది తనే.

మున్సిఫ్ ఫైలు వెనక్కి తిప్పి డాక్టరు సర్టిఫికెట్ తీశాడు. చాలాసేపు చూశాడు. రాజమల్లు భుజం మీద పడింది మొద్దు దెబ్బ అని అందులో ఉంది. గొడ్డలి పదును తగిలిన గాయం కాదని ఉంది. ఇన్నాళ్లూ ఆ కాగితం ఆ ఫైల్లోనే ఉంది. ఆయన రాజమల్లును నిలబెట్టి, గుడిసె ఎట్లా కాలిందని అడిగాడు. రాజమల్లు ఏ గుడిసె అన్నాడు. తర్వాత, అది తాము పోయేసరికే కాలిపోయింది అన్నాడు.

శనివారం తీర్పు చెప్పారు. నరకబోయాడన్నది రుజువు కాలేదు. కొట్టినందుకు ఆరు నెలలు. గుడిసె దహనం మీద పోలీసులు విడిగా విచారణ చేయాలి. మధ్యాహ్నం వెంకట్రాం ఒక కవరు తెచ్చి బాల్‌సింగ్ చేతిలో పెట్టాడు. సర్వీసు బుక్కులో తప్పుడు వివరాలు ఇచ్చినందుకు వారంలోగా సంజాయిషీ చెప్పుకోవాలని అందులో ఉంది.

"నేను రాసింది కాదు బాలయ్యా. ఆయన రాయమన్నడు" అన్నాడు వెంకట్రాం. ఇంకేదో అనబోయి, ఆ పేరు దగ్గరే ఆగిపోయి లోపలికి పోయాడు.

బయట ఇద్దరు పోలీసులు సక్రును నడిపించుకుపోతున్నారు. సైకిల్ షెడ్డు దగ్గర తల్లితో మాట్లాడుకోమని కాసేపు ఆపారు. బాల్‌సింగ్ దూరంగా నిలబడ్డాడు. సక్రే పిలిచాడు, తమ మాటలో.

"అన్నా, ఆ ఒక్కటి ఇడిచిపెడితే ఇయ్యాల ఇంటికి పోతుంటి."

జవాబు కేస్లి చెప్పింది.

"వాళ్లు కాలబెట్టిన్రు, నువ్వు కొట్టినవు. నేను రెండూ ఏడ్సిన. ఒకటి తీసి చెప్తే అది నా ఏడుపు కాదు బిడ్డా. ఆరు నెలలు ఆరు నెలలే. పోయిరా."

సక్రు తల్లి కాళ్లకు వంగి మొక్కి, పోలీసుల మధ్య నడిచి పోయాడు. మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. తర్వాత బాల్‌సింగ్ వైపు తిరిగింది.

"ఎవరి కొడుకువు?"

అతను చెప్పాడు. తండ్రి పేరు, పాడ అనే వాళ్ల వంశం, తండా.

"అమ్మ ఉన్నదా?"

"లేదు. ఆరేండ్లాయె."

"ఎవలేడ్సిన్రు నీతోని?"

"నేను పోలేదు. సెలవు అడిగితే ఏ ఊరు అంటరని అడగలే. ఆ రోజు గూడ ఈడనే నిలబడి పేర్లు పిలిచిన."

కేస్లి అతన్ని తేరిపార చూసింది. తిడుతుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండు అనుకున్నాడు. ఆమె మూట కింద పెట్టింది. రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి, అతని తలను తన ముసుగు కిందికి లాక్కుంది. గొంతు లేచింది. ఓ నా తల్లీ, నువ్వు పోయిన నాడు నీ కొడుకు రాలేదు తల్లీ, నీ కొడుకును ఇయ్యాల నేను చూసిన. కొడుకును జైలుకు పంపి అయిదు నిమిషాలు కాని మనిషి, తనెన్నడూ చూడని ఆడదాని కోసం ఏడుస్తోంది.

ఆవరణలో మనుషులు నిలబడి చూస్తున్నారు. కిటికీల్లోంచి చూస్తున్నారు. లోపల మున్సిఫ్ గంట మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది. వెంకట్రాం మెట్ల మీదికి వచ్చి, ఎట్లా పిలవాలో తెలియక, చెయ్యి ఊపాడు.

బాల్‌సింగ్ ముసుగు కిందినుంచి తల కొంచెం ఎత్తాడు.

"వస్త సార్. మా అమ్మకు ఏడుస్తున్నరు. అయిపోనియ్యిర్రి."